ఎండను దాచిపెట్టిన మరియా టెల్కెస్

మన మిద్దెల మీద రెండు రకాల సోలార్ పలకలు చూస్తుంటాం. ఒకటి నీళ్లు కాచేది, ఇంకోటి కరెంటు ఇచ్చేది. ఒకే ఇంటికి వేడీ, కరెంటూ రెండూ ఎండ నుంచే రావాలని తొలి రోజుల్లో పాటుపడిన వాళ్లలో ఒక మహిళ ఉంది. పేరు మరియా టెల్కెస్. ఆమెకు సూర్యరాణి అనే పేరు కూడా ఉంది.

మరియా 1900 డిసెంబరు 12న హంగరీ దేశంలోని బుడాపెస్ట్‌లో పుట్టింది. 1924లో భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొంది, తర్వాత అమెరికా వెళ్లి, 1937లో ఆ దేశ పౌరురాలైంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఎమ్.ఐ.టి.లో సౌరశక్తి పరిశోధనలో చేరింది.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఓడ మునిగి తెప్పల మీద కొట్టుకుపోయే సైనికులకు చుట్టూ సముద్రమే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. వాళ్ల కోసం మరియా గాలి ఊదితే ఉబ్బే ప్లాస్టిక్ పరికరం తయారుచేసింది. అందులో ఉప్పునీళ్లు ఎండకు ఆవిరై, చల్లబడి, మంచినీళ్లుగా దిగేవి.

1948లో బోస్టన్ దగ్గర డోవర్ అనే ఊళ్లో ఎండతోనే వెచ్చబడే ఇల్లు కట్టించింది. ప్లాను గీసింది ఎలినార్ రేమండ్, డబ్బు పెట్టింది శిల్పి అమీలియా పీబాడీ. ముగ్గురూ ఆడవాళ్లే! ఎండ ఉన్నంతసేపు ఏ ఇల్లైనా వేడెక్కుతుంది, రాత్రికి ఎట్లా? మన కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది, ఎండలో పెడితే కరుగుతుంది కదా. గ్లాబర్ ఉప్పు కూడా అంతే. సుమారు 32 డిగ్రీల దగ్గర కరుగుతూ వేడిని లోపల దాచుకుంటుంది, మళ్లీ గడ్డకట్టేటప్పుడు బయటికి విడుస్తుంది. ఆ ఇంట్లో 21 టన్నుల ఉప్పు పెట్టారు.

రెండు చలికాలాలు బాగానే గడిచాయి. తర్వాత ఉప్పు పొరలుగా విడిపోయింది, డబ్బాలు కారాయి. చివరికి అదంతా తీసేసి నూనెతో మండే కొలిమి పెట్టుకోవలసి వచ్చింది. ఎమ్.ఐ.టి.లోనూ ఆమెకు పైవాళ్లతో పడలేదు. 1953లో అక్కడ పని పోయింది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఇంకొకరైతే ఇక చాలు అనుకునేవాళ్లేమో!

మరియా న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. కట్టెల పొయ్యి మీద వండుకునే పేద దేశాల ఆడవాళ్ల కోసం సోలార్ పొయ్యి చేసింది. లోపలి వేడి పోకుండా కట్టిన పెట్టె, పైన గాజు మూత, చుట్టూ వాలుగా నిలబెట్టిన అద్దం లాంటి రేకులు. పక్కకు పోయే ఎండను కూడా ఆ రేకులు పెట్టెలోకి తిప్పుతాయి. దాంతో రొట్టె కాలేంత వేడి వస్తుంది.

ఎండ వేడి నుంచి నేరుగా కరెంటు తీసే పనీ చేసింది. రెండు వేరు వేరు పదార్థాలను జతచేసి ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉంచితే కరెంటు పారుతుంది. 1954లో ఆమె ప్రకటించిన ఫలితాల్లో, మామూలు ఎండకు సామర్థ్యం ఒక శాతం కూడా లేదు. కటకంతో ఎండను 50 రెట్లు కేంద్రీకరిస్తే 3 శాతం దాటింది. అద్దమైనా, కటకమైనా ఎండను ఒకచోటికి చేర్చడంలో ఉన్న లాభం ఇదే.

1973లో డెలావేర్ విశ్వవిద్యాలయం సోలార్ వన్ అనే ఇల్లు కట్టింది. ఎండతో వేడినీ, కరెంటునూ కలిపి తీసిన తొలి ఇళ్లలో అది ఒకటి. కప్పు మీద కరెంటు పలకలు, వాటి వెనకాల పారే గాలి ఆ వేడిని ఇంట్లోకి తెస్తుంది. ఆ వేడిని దాచే ఉప్పుల పని చూసింది మరియానే. డోవర్‌లో ఓడిపోయినా, ఉప్పులో వేడిని దాచే ఆలోచనను ఆమె పాతికేళ్ల తర్వాత కూడా వదిలిపెట్టలేదు.

ఇరవైకి పైగా పేటెంట్లు సంపాదించిన మరియా, దాదాపు 70 ఏళ్ల తర్వాత మొదటిసారి పుట్టిన ఊరు చూడ్డానికి వెళ్లి, 1995 డిసెంబరు 2న బుడాపెస్ట్‌లోనే కన్నుమూసింది. మిద్దె మీద సోలార్ పలకలు ఈసారి కనబడినప్పుడు ఒక్కసారి ఆమెను తలుచుకుందాం.