మందు కనిపెట్టిన ఆయన, జబ్బు కనిపెట్టాల్సిన మనం

పొదుపులు, అప్పులు, వసూళ్ళ పట్టికలు అయ్యాక మన సమాఖ్య నివేదికలో ఒకరి జీవితం రాసుకోవడం అలవాటు. ఈ ఏడాది ఎవరి గురించి రాద్దామని కార్యవర్గంలో మాట వచ్చినప్పుడు ఆరోగ్య ఉపసంఘం వాళ్ళు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పారు. మాలో సగం మందికి పేరు తెలుసు, ఏం చేశారో తెలీదు. రాజోలు వైపు అక్కచెల్లెళ్ళకి ఆయన ఊరు దూరమేం కాదు. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి నరసాపురంలో దిగితే, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళొచ్చే భీమవరం. ఆయన 1895 జనవరి 12న అక్కడ పుట్టారు.

తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు గారు డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి కాశీకి బయల్దేరారు. యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుంటే బాగా మిగుల్తుందని ఆలోచన. సగం దారిలోనే ఇంటివాళ్ళు పట్టుకుని వెనక్కి తెచ్చారు. చదువూ ఏమంత సాఫీగా సాగలేదు, మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కింది. ఆ చదువు కోసం వెంకమ్మ గారు నగలు అమ్మారు. పిల్లల ఫీజులకి గాజులు తాకట్టు పెట్టిన వాళ్ళు మన సంఘాల్లో ఎంతమందో మనకే తెలుసు కాబట్టి, దీని గురించి ఎక్కువ రాయనక్కర్లేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీ గారి పిలుపు వినబడుతున్న రోజులు. ఈయన ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ గదికి వెళ్ళేసరికి తెల్లదొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ పట్టా బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి శేషగిరి గారితో పెళ్ళయింది.

ఆ కాలంలోనే ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో గ్రహణితో చనిపోయారు. గ్రహణి అంటే మన పెద్దవాళ్ళకి తెలుసు. విరోచనాలు ఎంతకీ ఆగవు, నోరు పూస్తుంది, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గి మనిషి పుల్లలా అయిపోతాడు. సుబ్బారావు గారికీ అదే జబ్బు చేసింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఇంగ్లీషు వైద్యం చదివిన వాడికి ఆ వైద్యంలో తమ ఇంటి జబ్బుకి మందు దొరకలేదు. ఆ బాధ ఆయన్ని అమెరికా దాకా తోసింది. దారిఖర్చుకి మామగారు సాయం చేశారు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ గారి ధర్మసంస్థ కూడా చెయ్యి అందించింది. రంగూన్‌లో కష్టపడి సంపాదించిన ఒకాయన సొమ్ము, మన తీరంలో ఇంకొకరి చదువుకి పెట్టుబడి అయింది. 1923 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు.

ఇక్కడ శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. ఆ పసివాడు ఏడాది నిండకుండానే పోయాడు. చర్మం ఎర్రగా కంది, వాచి, వేడెక్కి, ఆ ఎరుపు గంటగంటకీ పాకిపోయే జబ్బు. డాక్టర్లు ఎరిసిపెలాస్ అంటారు. సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. బిడ్డ పోయేనాటికి తండ్రి సముద్రాల అవతల ఉన్నారు. ఆ రోజుల్లో ఆ జబ్బుని ఎంత తొందరగా గుర్తించినా, ఎంత పెద్ద డాక్టరుకి చూపించినా, చంటిబిడ్డకి ఇవ్వడానికి సరైన మందు లేదు. పెన్సిలిన్ జనానికి అందడానికి ఇంకా ఇరవై ఏళ్ళు ఉంది.

ఈ మాట దగ్గర మా సమావేశంలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. కారణం మాకే తెలుసు, ఇక్కడ రాస్తున్నాం. రెండేళ్ళ కింద మన సంఘం సభ్యురాలి ఇంట్లో పదహారు రోజుల పాపని చూడ్డానికి మేమే నలుగురం వెళ్ళాం. పాప కళ్ళు తెరవకుండా నిద్రపోతోంది. పొద్దుట్నుంచి పాలు సరిగ్గా తాగట్లేదని తల్లి అంది. పాదాలు చల్లగా ఉన్నాయి. బొడ్డు చుట్టూ ఎర్రగా ఉంది. ఇవన్నీ మా కళ్ళ ముందే ఉన్నాయి. మేమేమో బంగారు తల్లి, ఎంత నెమ్మదో, ఏడుపే లేదని మెచ్చుకుని, చేతిలో వందో రెండొందలో పెట్టి వచ్చేశాం. మర్నాడు రాత్రికి పాప లేదు. ఊళ్ళో ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది, ఆసుపత్రిలో మందు ఉంది. ఆ రోజు లేనిది చూసే కన్నే.

మన భాషలో కనిపెట్టడం అనే మాటకి రెండు అర్థాలు. కొత్తది కనుక్కోవడం ఒకటి, కన్నార్పకుండా చూసుకోవడం ఇంకోటి. మొదటిది సుబ్బారావు గారి లాంటి వాళ్ళు చేసి వెళ్ళారు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సీటైతే వచ్చింది గానీ చేతిలో డబ్బు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, కడిగి పెట్టడం ఆ పని. మద్రాసులో డాక్టరు, బోస్టన్‌లో ఆయా పని. మేం దీన్ని తక్కువ పనిగా చెప్పడం లేదు. రోగి ఎలా ఉన్నాడో సగం ఆ పాత్రే చెబుతుందని ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది. చంటిబిడ్డ విషయంలో అయితే మరీను. ఆరునెలల్లోపు బిడ్డ తల్లిపాలు చాలినంత తాగుతుంటే రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తుంది. విరోచనాలు పట్టుకున్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కపెడతాం గానీ, ఎన్ని గుడ్డలు ఉచ్చతో తడిశాయో లెక్కపెట్టం. ఆ గుడ్డలు తడవకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, ఇవి ఒంట్లో నీరు తగ్గిన గుర్తులు. మన కోనసీమలో వెంటనే కొబ్బరిబోండాం కొడతారు. ఆర్నెల్లు దాటిన పిల్లలకి పట్టొచ్చు, తప్పులేదు. కానీ దాన్లో ఉప్పు చాలా తక్కువ, ఓఆర్ఎస్‌కి బదులు కాదు. పెద్ద ఓఆర్ఎస్ పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయాలి. సగం పొట్లం సగం గ్లాసులో కలిపే అలవాటు మాత్రం మానాలి. జింకు మాత్ర విరోచనాలు ఆగినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి.

మళ్ళీ ఆయన దగ్గరికి వద్దాం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆయనతో కలిసి 1925లో రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. ఒంట్లోని కండ పనిచెయ్యడానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పే ఏటీపీ అనే పదార్థాన్నీ గుర్తించారు. పెద్ద విషయాలే. అయినా అక్కడ ఆయనకి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధనలకి పెద్ద అయ్యారు.

అక్కడ బయటికొచ్చిన వాటిలో మన ఇళ్ళకి బాగా దగ్గరైంది ఫోలిక్ యాసిడ్. దీని కథ నిజానికి మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లు కూలీల్లో గర్భిణులకి రక్తం ఎందుకు తగ్గిపోతోందో చూస్తూ, ఈస్టు సారం తినిపిస్తే కోలుకుంటున్నారని గమనించింది. ఆ సారంలో ఉన్నదేమిటో తేలడానికి ఏళ్ళు పట్టింది. 1945 నాటికి సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది గ్రహణికి పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకి వాళ్ళ జబ్బుకి మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. ఈనాడు గర్భిణులకి రోజూ ఇచ్చే ఐరన్ మాత్రలో అది ఉంది. ఆరునెలల నుంచి అయిదేళ్ళ పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేసే సిరప్పులోనూ ఉంది. ఆ సీసా ఎన్ని ఇళ్ళలో మూత తియ్యకుండా బీరువా మీద ఉందో చూడండి అని ఆశా కార్యకర్తలు మమ్మల్ని ప్రతి నెలా అడుగుతున్నారు.

ఆ ఫోలిక్ యాసిడ్‌కే ఎదురు పనిచేసే పదార్థాల్ని కూడా ఆయన బృందమే చేసింది. రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు తగ్గేది పోయి ఇంకా ముదురుతున్నట్టు బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గమనించాడు. అయితే దానికి విరుగుడు ఇచ్చి చూద్దామనుకున్నాడు. లెడర్లే నుంచి అమినోప్టెరిన్ వెళ్ళింది. పదహారుమంది పిల్లలకి ఇస్తే పదిమంది కోలుకున్నారు. కొన్నాళ్ళకే జబ్బు తిరగబెట్టింది నిజమే. కానీ అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన బిడ్డకి వారాలు, నెలలే లెక్క. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ ఆ పిల్లల వైద్యంలో వాడుతున్నారు. ఇక్కడా ముందు జరిగింది గమనించడమే. మందు ఇచ్చి ఊరుకోకుండా, ఇచ్చాక బిడ్డ ఎలా ఉందో చూడటం.

బోదకాలు మందు హెట్రజాన్, అంటే మనకి ఊరూరా పంచిన డీఈసీ మాత్ర, అది కూడా ఆయన ప్రయోగశాలదే. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకి వెయ్యకూడదు, మిగతావాళ్ళు అన్నం తిన్నాక కార్యకర్త ఎదురుగానే మింగాలి. కాలవ గట్ల మీద పుట్టి పెరిగినవాళ్ళకి ఈ జబ్బేంటో విడమరచి చెప్పక్కర్లేదు. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. అది టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. ఆ జాతి మందులు పిల్లల పళ్ళకి రంగు పట్టిస్తాయని తర్వాత తేలి, ఎనిమిదేళ్ళలోపు వాళ్ళకి మామూలుగా ఇవ్వడం మానేశారు. అందుకే పెద్దవాళ్ళకి మిగిలిన బిళ్ళలు పిల్లలకి విరిచి వెయ్యొద్దని మళ్ళీ మళ్ళీ చెబుతున్నాం.

ఆ ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు న్యూయార్క్ దగ్గర నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళు. ఇండియాకి తిరిగి రాలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గురించి రాసినవాళ్ళు ఆమె గురించి నాలుగు మాటలకి మించి రాయరు. భర్త ఎప్పటికైనా వస్తాడని ఎదురుచూస్తూ, కడుపున పుట్టిన ఒక్క బిడ్డని పోగొట్టుకుని పాతికేళ్ళు గడిపిన ఆడమనిషి అనే మాట అయినా ఈ పుస్తకంలో ఉండాలని మాలో అందరం అనుకున్నాం.

పదహారు రోజుల పాప పోయాక ఏఎన్ఎం గారి చేత మేం మూడు పూటలు శిక్షణ చెప్పించుకున్నాం. అన్నిటికన్నా ఉపయోగపడింది ఊపిరి లెక్కపెట్టడం. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు బట్ట పైకెత్తి, పొట్ట కదలడం చూస్తూ నిండా ఒక్క నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకి అరవై, అక్కణ్ణుంచి ఏడాది లోపు యాభై, ఏడాది దాటి అయిదేళ్ళ లోపు నలభై. ఈ అంకెకి చేరినా, దాటినా ఆసుపత్రికే. రెండు నెలల్లోపు బిడ్డకి అరవై వస్తే ఇంకోసారి లెక్కపెట్టి చూసుకోవాలి. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, పాలు పట్టకపోయినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా అంకెతో పనిలేదు, 108కి ఫోన్ చెయ్యాలి. దిష్టి తియ్యాలంటే తియ్యండి, బండి వచ్చేలోపు అయిపోతుంది. బిడ్డకి తల్లి ఒంటి వెచ్చదనం తగిలేలా గుండెకి ఆనించి పట్టుకుని, తాగగలిగితే పాలు పడుతూ తీసుకెళ్ళాలి.

మొన్న వానాకాలంలో ఒక లంక ఊళ్ళో మూడు నెలల బాబుకి రొంప. నాయనమ్మ వాము కాచి పొట్ట మీద రాసింది, జలుబే తగ్గుతుందంది. మన సభ్యురాలు నెల కిస్తీ కట్టించుకోడానికి వెళ్ళి, పుస్తకం పక్కన పెట్టి, సెల్‌ఫోన్లో టైం చూసుకుంటూ లెక్కపెట్టింది. అరవై నాలుగు. నమ్మకం కుదరక ఇంకోసారి పెడితే అరవై ఆరు. పడవలో ఇవతలికి తెచ్చేసరికి చీకటి పడింది, గట్టు మీద 108 వచ్చి ఉంది. బాబుని ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ నెల కిస్తీ పది రోజులు ఆలస్యంగా జమైంది. వసూళ్ళ పట్టికలో ఆ సంఘం పేరు పక్కన కనబడే ఎర్ర గీత అదే.