నటశిల్పి బలరాజ్ సాహ్ని

నటవృత్తి నవలంబించువారు కీర్తిని కోరుట సహజము. కీర్తికంటె పాత్రయందలి సత్యమును మిన్నగా నెంచి, అందులకై తన్ను తాను మార్చుకొనగలవారు అరుదు. హిందీ చలనచిత్ర రంగమున అట్టివారిలో బలరాజ్ సాహ్ని అగ్రగణ్యుడు.

ఆయన 1913వ సంవత్సరము మే 1వ తేదీన, నేడు పాకిస్తానులోనున్న రావల్పిండియందు వర్తక కుటుంబమున జన్మించెను. లాహోరు ప్రభుత్వ కళాశాలలో ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. పట్టము పొంది, కొంతకాలము తండ్రి వ్యాపారమును చూచెను. మనసు అందు నిలువలేదు. భార్య దమయంతితో శాంతినికేతనము చేరి అధ్యాపకుడయ్యెను. అచట హిందీలో రచనలు చేయుచుండగా, మాతృభాషయగు పంజాబీలో వ్రాయుమని రవీంద్రనాథ ఠాకూరు హితవు చెప్పెను. ఆ మాట నాడు రుచింపకున్నను, తరువాతి కాలమున గురుముఖి లిపి నేర్చి పంజాబీలోనే గ్రంథములు రచించెను. 1938లో సేవాగ్రామమున గాంధీజీ యొద్ద పనిచేసి, పిమ్మట లండనులో బి.బి.సి. హిందీ ప్రసారములలో ఉద్యోగించి, 1943లో స్వదేశమునకు మరలెను.

బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘమున చేరి నాటకములాడెను. బెంగాలు కరవును చూపిన 'ధర్తీ కే లాల్' (1946) చిత్రమున రైతు వేషము ధరించెను. 1947లో దమయంతి మరణించెను. రాజకీయ కారణములచే కొంతకాలము కారాగారమున నుండి, అనుమతిపై పగలు 'హల్‌చల్' చిత్రీకరణకు వచ్చి మరల జైలుకు పోవుచుండెను. ఆ చిత్రమున ఆయన వేషము జైలరుది! ఆ రోజులలో కెమెరా ముందు నిలిచినంతనే ఆయన శరీరము బిగిసికొనిపోయెడిది.

బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్' (1953) ఆయనకు నిజమైన పరీక్ష. పోబోవు రెండు బీఘాల భూమిని నిలుపుకొనుటకై కలకత్తా చేరి రిక్షా లాగు రైతు కథ యది. సూటు ధరించి వచ్చిన ఆయనను చూచి, ఈ దొర రైతుగా నెట్లు రాణించునని దర్శకుడు సంశయించెను. బలరాజ్ జోగేశ్వరిలో పాలవ్యాపారము చేయు ఉత్తరాదివారి నడుమ తిరిగి, వారి నడకను, మాటను, కూర్చుండు తీరును శ్రద్ధతో గమనించెను. కలకత్తాలో స్వయముగా రిక్షా లాగెను. అయినను నటన కుదరక నిరాశ చెందెను. అట్టి వేళ ఒక నడివయసు రిక్షావాడు చెంత చేరి, చిత్ర కథ యేమని యడిగెను. విని కన్నీరు పెట్టుకొనెను. బీహారులో తన రెండు బీఘాల నేలయు జమీందారు తాకట్టులో చిక్కుకొని పదునైదేండ్లయినదట! ఆనాటినుండి బలరాజ్ నటనా సిద్ధాంతములను పక్కకు నెట్టి, ఆ మనిషినే మనసున నిలుపుకొని నటించెను. పట్టము లాహోరులో లభించినను, నటనమర్మము కలకత్తా వీధిలోనే లభించెను. ఆ చిత్రము 1954లో కాన్ ఉత్సవమున బహుమతి నందెను.

'కాబూలీవాలా' (1961), 'వక్త్' (1965) మున్నగు చిత్రములచే ఆయన కీర్తి పెరిగెను. 1969లో పద్మశ్రీ లభించెను. 1972లో కుమార్తె శబ్నం మరణము ఆయనను క్రుంగదీసెను.

దేశ విభజనలో స్వస్థలమగు రావల్పిండిని కోల్పోయిన ఆయన, చివరకు 'గరమ్ హవా' చిత్రమున, విభజనానంతరము ఆగ్రాలో ఇల్లును వ్యాపారమును కోల్పోయిన ముస్లిము వర్తకుని పాత్ర ధరించెను. అందును తండ్రి యెదుట కుమార్తె మరణము కలదు. ఆ దుఃఖమును మాటలలోకంటె మౌనమున చూపెను. తన పాత్రకు గొంతు చేర్చు పని ముగించిన మరునాడే, 1973 ఏప్రిల్ 13వ తేదీన, గుండెపోటుతో మరణించెను. ఆ చిత్రమును ఆయన తెరపై చూడనేలేదు.