మూసారాము: ఇరువురు బలవంతుల నడుమ హైదరాబాదు

ప్రపంచమున బలముల తూకము మాఱునపుడెల్ల చిన్న రాజ్యముల కొక చిక్కుప్రశ్న యెదురగుచుండును. పెరుగుచున్న శక్తులలో నెవరిని నమ్మవలయును? ఎంతవఱకు నమ్మవలయును? ఈ ప్రశ్న హైదరాబాదునకు క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్దపు తుదిని ఇంగ్లండును ఫ్రాన్సును భూమండలమంతట పోరాడుచుండగా నిజాము దర్బారు దీనికే యుత్తరము వెదకినది. ఆ కథకు నాయకుడు రేమండు అను ఫ్రెంచి సేనాని.

రేమండు 1755 లో ఫ్రాన్సు దేశపు గాస్కనీ సీమలో జన్మించెను. 1775 లో వర్తకము నిమిత్తము పుదుచ్చేరి చేరి, కొలదికాలముననే త్రాసు విడిచి కత్తి పట్టెను. పిమ్మట ఫ్రెంచి సేనాపతి బుస్సీ యొద్ద పనిచేసి, 1785 లో నాతడు మరణింపగా నిజాం అలీఖానుని కొలువున కుదిరెను.

అప్పటికే తెలుగుతీరము చేతులు మాఱియుండెను. 1753 లో బుస్సీకి దక్కిన ఉత్తర సర్కారులను 1758 నాటి చందుర్తి యుద్ధముతో ఫ్రెంచివారు పోగొట్టుకొనిరి. 1766 సంధితో నవి ఇంగ్లీషు కంపెనీ పాలయ్యెను. ఓడిన పక్షమువాడు రేమండు. అయినను నాతడు నిరుత్సాహపడలేదు. అద్దె తుపాకులు పట్టిన 300 మందితో నారంభించి, 1798 నాటికి సుమారు 14,000 మంది కవాతు నేర్చిన సైన్యమును నిలిపెను. ఫిరంగులు పోతపోయుటకు కార్ఖానా నెలకొల్పెను. గన్‌ఫౌండ్రీ యను పేట పేరు దాని జ్ఞాపకమే. సిపాయిల నాదరించి వారి హృదయములను చూఱగొనెను. హిందువు లాతనిని మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలిచికొనిరి.

1795 లో మహారాష్ట్రులతో ఖర్డాయొద్ద యుద్ధము సంభవించెను. గవర్నరు జనరలు సర్ జాన్ షోర్ తటస్థుడై సాయము నిరాకరించెను. నిజాము ఓడి, మంత్రి అరిస్తుజాను పగవారి కప్పగింపవలసి వచ్చెను. కోపించిన నిజాము కంపెనీ పటాలములను పంపివైచి రేమండు బలమును పెంచెను. ఆ యేడే తిరుగుబాటు చేసిన రాజకుమారుడు ఆలీజాను రేమండే పట్టితెచ్చెను. కష్టకాలమున నక్కఱకు వచ్చినవాడు కావున దర్బారున నాతని పలుకుబడి మిన్నుముట్టెను.

కాని యాతని పటాలముల మీద నెగిరినది ఫ్రెంచి విప్లవపు మూడురంగుల జెండా. టిప్పు సుల్తాను ఫ్రెంచివారి సాయము కోరుచుండగా, ఈ జెండా కంపెనీవారికి కంటిలో నలుసయ్యెను. 1798 మార్చి 25 న రేమండు హఠాత్తుగ కన్నుమూసెను. విషప్రయోగమను వదంతి పుట్టెను గాని ఋజువు కాలేదు. మేలో వెల్లస్లీ కలకత్తా చేరెను. సెప్టెంబరు 1 న నిజాము సైన్యసహకార సంధికి లోబడి, 6,000 మంది కంపెనీ సిపాయిలకై సాలీనా 24,17,100 రూపాయలు చెల్లింప నొప్పుకొనెను. అక్టోబరులో, బాకీజీతములకై కలహించుచున్న ఫ్రెంచి పటాలములను కంపెనీ సేనలు చుట్టుముట్టి, రక్తపాతము లేకయే నిరాయుధులను జేసెను.

పదునాలుగువేల సైన్యమట్లేల కరగిపోయెను? దాని ప్రాణమంతయు నొక పరదేశీయునియందే యుండుటచేతనని మా యభిప్రాయము. అధికారులు పరాయివారు, జెండా పరాయిది. రేమండును మేము నిందింపము. ఆతడు ప్రభువునకు కొలువుచేయుచునే స్వదేశమును మఱవలేదు. తప్పు బలమును బాడుగకు తెచ్చుకొనిన దర్బారుది. ఒకరి బాడుగబలము పోయి మఱియొకరిది వచ్చెను. ఈ మాఱు వచ్చినది మరల పోలేదు. 1800 లో నా సేనల ఖర్చుక్రింద బళ్లారి, కడప మొదలగు దత్తమండలములు కంపెనీకి ధారపోయబడెను. మూల్యము చెల్లించినది తెలుగు రైతు.

నేడును తూకము మాఱుచున్నది. 2009 లో తొలి శిఖరాగ్రసభ జరుపుకొనిన బ్రిక్ కూటమి, 2024 లో ఈజిప్టు, ఇథియోపియా, ఇరానులను గూడ చేర్చుకొన్నది. ఆ కూటమిలోనున్న భారతదేశమే అమెరికాతో క్వాడ్ సమావేశములందును కూర్చుండుచున్నది. అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్చిన యువకులు, పంజాగుట్టకు చేరువనున్న బేగంపేట పైగా ప్యాలెసులో 2008 మొదలు 2023 వఱకు నడచిన అమెరికా కాన్సులేటు వాకిట వీసాలకై బారులు తీరిరి. విద్యకై పరదేశమేగుట తప్పుకాదు. పలువురతో చెలిమి దోషము కాదు. అయితే ఫిరంగియు, విద్యయు, ధాన్యమును స్వగృహమున సమకూర్చుకొనిన రాజ్యమునకే చెలిమి చెలిమిగ మిగులును. తక్కిన వారికది కౌలుపత్రమగును. ఆస్మాన్‌గఢ్ మిట్టపై రేమండు సమాధి నేటికిని నిలిచియున్నది. మన రాజ్యతంత్రజ్ఞు లొకమాఱు దానిని చూచిరావలయునని మా కోరిక.