అక్షరాలను ఊహించిన జేమ్స్ ప్రిన్సెప్

రోజుకొక పదం ఊహించే ఆట ఇప్పుడు మన హాస్టల్ మిత్రుల్లో చాలామందికి అలవాటైంది. పేపర్‌లో గళ్ల నుడికట్టు ఎప్పటినుంచో ఉన్నదే. అందులో ఆరితేరాలనుకునే తమ్ముళ్లు జేమ్స్ ప్రిన్సెప్ గురించి తెలుసుకోవాలని మా కోరిక. ఆయన విప్పిన ముడికి జవాబు మర్నాటి పేపర్‌లో రాలేదు.

ప్రిన్సెప్ 1799 ఆగస్టు 20న ఇంగ్లండులో జన్మించారు. భవన నిర్మాణం నేర్చుకుంటుండగా చూపు దెబ్బతిని ఆ చదువు మానేశారు. 1819లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కలకత్తా టంకశాలకు వచ్చారు. నాణేల్లో వెండి, బంగారం పాలు తేల్చడం ఆయన పని. తర్వాత పదేళ్లు కాశీలో చేసి తిరిగొచ్చారు. 1832లో ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి అయ్యారు.

అప్పటికి ఢిల్లీ, అలహాబాదు స్తంభాల మీది పాత రాతను చదవగలవాళ్లు దేశంలో ఒక్కరూ లేరు. మా ఇళ్లలో చదువు మాతోనే మొదలైంది. ఎదురుగా అక్షరం ఉండీ చదవలేకపోవడమంటే ఏమిటో బస్సు బోర్డు ముందు నిలబడిన మా అమ్మానాన్నలకు తెలుసు. ఆ రాత ముందు మహాపండితులది కూడా అదే పరిస్థితి!

ప్రిన్సెప్ మొదట అర్థం జోలికి పోలేదు. 1834లో గుర్తులన్నిటినీ విడదీసి పట్టిక వేశారు. ఒకే గుర్తుకు చిన్న గీతలు చేరి రూపం మారుతోందని కనిపెట్టారు. మనం ఒకటో తరగతిలో దిద్దిన గుణింతమే అది.

అసలు తాళంచెవి 1837లో దొరికింది. సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీది చిన్న చిన్న శాసనాల నకళ్లు ఆయనకు చేరాయి. అవి చాలావరకు ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి. ఇంతమంది ఒకే మాట ఎందుకు చెక్కించినట్టు? మన ఊరి గుడిలో ట్యూబ్‌లైట్ మీద, ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు చూడటం లేదా, అలాగే. ఆ మాట దానం. మొదటి అక్షరానికి దీర్ఘం, రెండోదానికి చుక్క సరిగ్గా కుదిరాయి. దానికి ముందు తరచూ వచ్చే అక్షరం స, అంటే ఫలానావారి అని. తెలిసిన ఆ కొద్ది అక్షరాలను మిగతా చోట్ల పెట్టుకుంటూ పోతే కొద్ది వారాల్లోనే లిపి అంతా విడిపోయింది. అదే బ్రాహ్మి, మన తెలుగు లిపికి మూలం. పెద్ద శాసనంతో కుస్తీ పట్టకుండా పొట్టివాటిని, వాటిలోనూ చివరి మాటను పట్టుకోవడమే ఆయన తెలివి అని మాకనిపిస్తుంది.

భాష సంస్కృతం కాదు, ప్రాకృతం. అర్థాలు తేల్చడంలో కమలాకాంత విద్యాలంకార్ వంటి పండితుల సాయం ఉంది. వాళ్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనబడవు.

స్తంభాల మీద ఉన్న దేవానంపియ పియదసి ఎవరు? సింహళ రాజని ప్రిన్సెప్ మొదట అనుకున్నారు. కాదు, అశోకుడేనని పాలి గ్రంథాల ఆధారంగా జార్జ్ టర్నర్ తేల్చారు. 1915లో మస్కి శాసనంలో అశోకుడనే పేరే దొరికింది.

అది చూడటానికి ప్రిన్సెప్ లేరు. పగలు టంకశాల, మిగతా వేళ శాసనాలు. 1838 చివర్లో జబ్బుపడి ఇంగ్లండు వెళ్లి, 1840 ఏప్రిల్ 22న నలభై ఏళ్లకే కన్నుమూశారు.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శాసనాలు 1929లో బయటపడ్డాయి. వాటిలో ఒకదానిలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. గుత్తికి దగ్గరే. అటువైపు మిత్రులు సెలవుల్లో చూసి రావచ్చు.