మెండలీఫ్ మహాశయుడు

రుష్యాదేశమున సైబీరియాయందలి టొబోల్స్కు పట్టణమున 1834లో మెండలీఫ్ జన్మించెను. పాఠశాలాధ్యక్షుడగు తండ్రి చూపు కోల్పోయి యుద్యోగము విడిచెను, 1847లో మరణించెను. కుటుంబమునకు ఆధారమై తల్లి నడుపుచుండిన గాజు కర్మాగారము మరుసటి యేడు దగ్ధమయ్యెను. అయినను ఆ సాధ్వి కుమారుని చదువుకై వేయి మైళ్లకు పైగా పయనించెను. మాస్కోలో ప్రవేశము దొరకలేదు. 1850లో సెంట్ పీటర్సుబర్గు ఉపాధ్యాయ కళాశాలయందు వానిని చేర్చి, ఆ యేడే కన్నుమూసెను.

ఆచార్యుడైన పిదప మెండలీఫ్ విద్యార్థులకై రసాయనశాస్త్ర గ్రంథమును రచించుచు, 1869లో, నాటికి తెలిసిన 63 మూలకములను పరమాణుభారముల ననుసరించి పట్టికగా నమర్చెను. గుణములు కుదరనిచోట గళ్లను ఖాళీగా విడిచి, అందుండవలసిన మూలకముల గుణములను ముందుగనే తెలిపెను. 1875లో గాలియము, 1879లో స్కాండియము, 1886లో జెర్మేనియము కనుగొనబడి ఆ గళ్లను నింపెను. ఆతడు 1907లో మరణించెను.

విద్యార్థులారా! ఆ పట్టికను వల్లించునపుడు, తెలియనిచోటును ఖాళీగా విడిచిన కుమారుని ధైర్యమును, ఆతని చదివించిన తల్లి త్యాగమును స్మరింపుడు.