బందరు డాక్టరు గారి బ్యాంకు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు కోరారు. గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణే గాని నేను రచయితను కాను. అయినా డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి పేరు చెప్పగానే ఒప్పుకున్నాను. కారణం చివర మనవి చేస్తాను.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. బీద కుటుంబం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, ఆపైన వైద్య పట్టా పుచ్చుకొని బందరులో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత దాన్ని వదిలి స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. 1939లో సుభాస్ చంద్రబోసు గారితో పోటీచేసి ఓడటం, 1948లో కాంగ్రెసు అధ్యక్షులు కావడం, 1952లో మధ్యప్రదేశ్ గవర్నరు కావడం సభ్యులెరిగినవే. నేను చెప్పదలచింది ఆయన పెట్టిన బ్యాంకు సంగతి.

పత్తీ మిరపా వేసే మన రైతుకు ఆ రోజుల్లో అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారే గతి. బ్యాంకులంటే భయం కూడా ఉండేది. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి ఎందరి కొంపలో ముంచింది. అలాంటి కాలంలో 1923 నవంబరులో, లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో పట్టాభి గారు బందరులో ఆంధ్రా బ్యాంకు తెరిచారు.

ఇక్కడొక చిక్కుంది. డిపాజిట్ వేసినవాడు అడిగితే బ్యాంకు డబ్బు తిరిగిస్తుంది. వాటా కొన్నవాడికి ఇవ్వదు. అతను ఇంకొకరిని వెతుక్కుని అమ్ముకోవలసిందే. ఆ వెతుకులాట లేకుండా చేసేదే స్టాక్ ఎక్స్ఛేంజీ. మన గుంటూరు మిర్చి యార్డులాగే అక్కడా కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకచోట చేరితే ధర తేలుతుంది. కొన్నవాడి సొమ్ము అమ్మినవాడికి పోతుంది గాని కంపెనీకి పైసా రాదు. అయినా అమ్ముకునే దారి ఉందనే ధైర్యంతోనే జనం మొదట వాటా కొంటారు. 1920లో మద్రాసులో పుట్టిన ఎక్స్ఛేంజీ మూడేళ్లకే మూతపడింది, మళ్లీ 1937లో గాని లేవలేదు. అంటే ఆంధ్రా బ్యాంకు మొదటి వాటాదారులకు ఆ ధైర్యం లేదు. డాక్టరు గారి మాట మీద నమ్మకమే ఉంది. అది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

1925లో ఆయన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా స్థాపించారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. బ్యాంకు 1980లో జాతీయమైంది. 2001లో ప్రజలకు పది రూపాయల చొప్పున షేర్లు అమ్మింది.

అప్పుడే నేను 400 షేర్లు కొన్నాను. పర్చూరు దగ్గర మా నాన్నగారు పత్తి అమ్మిన డబ్బు దాచుకున్నది ఆ బ్యాంకులోనే. 2010లో ధర 150 దాటినప్పుడు అమ్మాయి పెళ్లికి అమ్మేయమని మా ఇంటావిడ పట్టుబట్టింది. పట్టాభి గారి బ్యాంకు ఎలా అమ్ముతానని నేను మొండికేసి, ప్రావిడెంట్ ఫండు డబ్బు తీశాను. తప్పు నాదే. ధర చూసుకోవలసిన చోట పేరు చూసుకున్నాను. 2020 ఏప్రిల్ 1న బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వెయ్యికి 325 లెక్కన నా నాలుగు వందలకు 130 వచ్చాయి. అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి. మా ఇంటావిడ కోపం కూడా ఇంకా అలాగే ఉంది.