విజ్జీ జీవితం - మన జట్టుకు ఒక పాఠం

హాస్టల్ ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేసేటప్పుడు మాకూ ఒక తగువు వచ్చేది. బాగా గోల్స్ కొట్టేవాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అతణ్ణి తీసుకోవాలా, వద్దా? అప్పుడు మాకు మన ఉత్తరాంధ్ర విజ్జీ గుర్తుకొస్తారు.

విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు 1905లో జన్మించారు. క్రికెట్ అంటే ప్రాణం. 1930-31లో సొంత జట్టు కట్టి, ఇంగ్లండ్ మేటి ఆటగాళ్లు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను రప్పించి ఆడించారు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు.

ఆ జట్టులో లాలా అమర్‌నాథ్ ఉన్నారు. పేదింటి బిడ్డ, 1933లో భారత్‌కు తొలి టెస్టు సెంచరీ అందించిన వీరుడు, ముక్కోపి. ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న ఆయన్ను ఆపి, ఇతరులను ముందు పంపారు. ఆయన మండిపడ్డారు. మొదటి టెస్టుకు ముందే ఆయన్ను ఓడెక్కించి ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం. విజ్జీ మొత్తం చేసినవి 33 పరుగులే. తర్వాత విచారణ సంఘం విజ్జీ నాయకత్వాన్నే తప్పుపట్టింది. అమర్‌నాథ్ 1952లో కెప్టెన్‌గా పాకిస్తాన్‌పై సిరీస్ గెలిపించారు.

విజ్జీ క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు. 1958లో పద్మభూషణ్ పొందారు. 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1965లో కన్నుమూశారు. ఆటకు ఆయన చేసిన సేవను మేము మరువం.

నోరు జారడం తప్పే. కానీ కోపిష్టిని తీసేసేముందు, అతనికి న్యాయం జరిగిందా అని కెప్టెన్ తనను తాను అడగాలి. అందుకే మేమైతే అతణ్ణి జట్టులోకి తీసుకుంటాం.